వెన్ను చూపినవాడు

1946 ఫిబ్రవరి 3, ఆదివారం

నిన్న పొద్దుగూకే వేళకు మా ఆయన ఇంటికి వచ్చారు. పేటలో రైలు దిగి, బొగ్గుతో నడిచే బస్సెక్కి, నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర దిగి నడిచి వచ్చారట. పోయిన ఏడు అదే రోడ్డు మీద ఊరివాళ్లు డప్పులు కొట్టి ఆయన్ని ఊళ్లోకి తీసుకొచ్చారు. బంతిపూల దండలు ముఖం మీదికి వచ్చి దారి కనబడక తడబడితే అందరూ నవ్వారు. నిన్న కుక్క ఒకటి మొరిగింది, అంతే.

మా హెడ్మాస్టరుగారు మొన్ననే మద్రాసు పేపరు చూపించారు. దాంట్లో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టుకుంటాను, రేపు ఎవరైనా మార్చి చెబితే చూసుకోవడానికి. బాక్సింగు చాంపియన్ జోసెఫ్ ఐదో రౌండులో, గంట మోగకముందే, గట్టి దెబ్బ ఒక్కటి కూడా తినకుండానే, ఎదుటివాడికి వీపు చూపించి తిరిగాడు. రిఫరీ దాన్ని ఓటమి కింద కట్టి అవతలి కుర్రవాడి చెయ్యి పైకెత్తాడు. జనం కుర్చీలు విరగ్గొట్టారు. జోసెఫ్ లంచం తిని ఓడాడని పట్నమంతా అనుకుంటున్నారు. ఇదీ పేపరు.

జోసెఫ్ అంటే ఈయనే. ఇక్కడ ఏసోబు, అక్కడ జోసెఫ్.

నేను నమ్మలేదు. నమ్మనని హెడ్మాస్టరుగారితో అన్నాను కూడా.

మా అత్తమ్మకు చదువు రాదు. ఆయనకు సంతకం వరకే వచ్చు. కాబట్టి ఈ పుస్తకాన్ని దాచే పని లేదు. గూట్లో ఉప్పు కుండ పక్కనే పెడతాను.

ఫిబ్రవరి 5

తలనొప్పి అంటారు, పడుకుంటారు.

ఫిబ్రవరి 10, ఆదివారం

గుడిలో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆరాధన అయ్యాక మా పాస్టరు రాజారత్నం అయ్యగారు గుమ్మం దగ్గర ఆయన్ని ఆపి, "ఏసోబూ, ఈ సంగతి తేలేదాకా బల్ల దగ్గరికి రాబాక నాయనా. పెద్దలు ఒప్పుకోటల్లేదు," అన్నారు. ప్రభుభోజనంలో చెయ్యి వేయొద్దని. ఆయన తలూపారు. "తినలేదని చెప్పండి," అని నేను వెనకనుంచి అన్నాను. చెప్పలేదు.

దారిలో మస్తాన్‌రావుగారి బండి ఎదురైంది. ఊళ్లో సగం పొలం ఆయనదే. చంకలో ఎప్పుడూ పందెం కోడి ఉంటుంది. బండి ఆపించి మరీ అన్నాడు:

"ఏరా ఏసోబూ! పల్నాట పుట్టి వెన్ను చూపించొచ్చావంటగా! కోడన్నా సచ్చేదాకా నిలబడిద్ది గదరా. తిరిగిన కోడిని ఏం చేస్తారో ఎరికేనా?"

"కూరొండుకుంటారయ్యా," అన్నారు ఆయన.

"ఆ! మరి నిన్నొండుకోటానికి అంత కుండ యాడ దొరికిద్దిరా!"

బండి తోలేవాడు కూడా నవ్వాడు. ఆయన కూడా నవ్వారు. ఇంటికి వచ్చాక అడిగాను, "నిజం చెప్పండి. తిన్నారా?" అని.

"తిన్నాననుకో. నీకేంది?"

అది జవాబు కాదు. బడిలో మూడో తరగతి పిల్లవాడు ఇలా చెబితే బెంచీ ఎక్కిస్తాను.

ఫిబ్రవరి 11

తినలేదు. నాకు తెలుసు.

ఫిబ్రవరి 17, ఆదివారం

నిద్ర రావడం లేదు కాబట్టి మొదటినుంచీ ఆలోచించాను. మాచర్ల పక్క నాపరాళ్ల గనిలో రాళ్లు మోసేవారు. యుద్ధం రాగానే పట్టాళంలో చేరారు. బెంగుళూరు క్యాంపులో ఒక సార్జంటు చేతికి గ్లౌజులు తొడిగి, వరసపెట్టి మనుషుల్ని ఎదురు నిలబెట్టాడట. ఒక్కడూ నిలవలేదు. జ్వరాలు పట్టుకుని పట్టాళం వదిలేశాక మద్రాసు రేవులో కూలి, సాయంత్రాలు డేరాల్లో పందేలు. నలభై నాలుగులో చాంపియన్. ఆ బొమ్మ పేపర్లో వస్తే ట్రైనింగు స్కూలు హాస్టల్లో మేమంతా చూశాం. మన సంఘం అబ్బాయట అని వార్డెనమ్మ చెప్పింది. నేను ఆ బొమ్మ కత్తిరించుకోలేదు. కత్తిరించుకుంది వేరే అమ్మాయి. నేను చూశాను, అంతే. ఆ వేసవిలోనే పెద్దలు సంబంధం మాట్లాడారు. చెప్పులు కుట్టి నన్ను చదివించిన మా నాన్న పెళ్లిలో అందరికీ అల్లుడి చేతులు చూపించాడు.

పేరు ఎంత వచ్చిందో గొడవలూ అంతే వచ్చాయి. గుడ్ ఫ్రైడే రోజు పందెం ఆడారని సంఘం మందలించింది. రైల్వేలో పనిచేసే ఒకాయనతో ఆడినప్పుడు గంట మోగాక కొట్టారని అవతలివాళ్లు, కొట్టలేదని ఇవతలివాళ్లు తన్నుకుంటే పోలీసులు వచ్చారు. పోయిన ఏడు ఒకడు బొటనవేలు కంట్లో పొడిచాడు. అయినా ఆ పందెం ఈయనే గెలిచారు. కన్ను వాచి చానాళ్లు మూసుకుపోయింది. తర్వాత బాగయింది. ఆ గొడవలన్నిట్లోనూ ఆయన మాట్లాడారు, అరిచారు, బల్ల గుద్దారు. ఈ ఒక్కసారే మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 26

గుంటూరు నుంచి పున్నారావు అనే ఆయన వచ్చాడు. డేరా సినిమాలు ఆడిస్తాడట, కుస్తీలు కూడా పెట్టిస్తాడట. సిల్కు చొక్కా, నోట్లో కిళ్లీ. మంచం మీద కూర్చుని, మా అత్తమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వచ్చిన పని చెప్పాడు. ఏప్రిల్ నెలాఖరుకు గుంటూరులో మళ్లీ అదే కుర్రవాడితో పందెం. యుద్ధం నుంచి వచ్చినవాళ్ల సహాయనిధికి అని పేరు. గెలిస్తే చాంపియన్ బెల్టు మళ్లీ ఈయనదే.

"జనం వస్తారా?" అని అడిగాను.

"ఎందుకు రారు చెల్లెమ్మా! మీ ఆయన్ని మెచ్చుకునేదానికి రాకపోయినా తిట్టేదానికన్నా వస్తారు. టిక్కెట్టు టిక్కెట్టే."

అత్తమ్మ దాన్ని విని, "ఒరేయ్ ఏసోబూ, ఆ మడిసి మజ్జిగ గ్లాసు కూడా కడగనియ్యకుండా బేరం జేశాడు, జాగర్తరోయ్," అంది. ఆయన ఒప్పుకున్నారు. ఊరికి వచ్చాక మొదటిసారి ముఖంలో రక్తం కనిపించింది.

నాకు సంతోషంగా ఉంది. గెలిస్తే ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

మార్చి 4

వేపచెట్టుకు గోనెసంచి కట్టారు, లోపల పాతబట్టలు, ఇసక. పొద్దున్నే కసరత్తు. గోనె ఊగి ఎడమ వైపు నుంచి తిరిగి వస్తుంటే చూసుకోలేదు, భుజానికి కొట్టింది. మళ్లీ అలాగే కొట్టింది. పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు. చీకటి.

మార్చి 6

కిరసనాయిలు కూపను అయిపోవచ్చింది. వత్తి తగ్గించి పెడుతున్నాను. అందుకే చెంబు తన్నుకున్నారు.

మార్చి 9

అత్తమ్మ అన్నం పళ్లెం ఎడమ పక్కన పెట్టి పోయింది. ఆయన ఖాళీ నేల చూస్తూ కూర్చున్నారు. "పెట్టలేదా?" అని అడిగారు. "ముందరే ఉంటే పెట్టలేదంటాడేందే వీడు!" అని అత్తమ్మ నవ్వింది. పందెం ధ్యాసలో ఉన్నారు. మధ్యాహ్నమే కాని, బయట ఎండలోంచి లోపలికి వస్తే ఎవరికైనా అంతే.

మార్చి 10, ఆదివారం

అయ్యగారు ఇంటికి వచ్చారు, కూడా సంఘపెద్ద దేవదానంగారు. గుంటూరులో పందెం జరిగే గ్రౌండు మిషన్ బడిది. బల్ల నుంచి తీసేసిన మనిషి ఆడే పందేనికి ఆ గ్రౌండు ఇవ్వమని అక్కడివాళ్లు చెప్పారట. మరి ఏం చెయ్యాలంటే, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు సంఘం ముందు నిలబడి లంచం తిన్నానని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాడిని సంఘం క్షమిస్తుంది, అది మన పద్ధతి. క్షమించినట్టు అయ్యగారు రాస్తారు, గ్రౌండు ఇస్తారు.

"తినకపోతే?" అని నేను అన్నాను.

"తినకపోతే తినలేదని రుజువు జెయ్యాలమ్మా," అన్నారు దేవదానంగారు. "దెబ్బ తగలకుండా, గంట మోగకుండా ఊరికినే వెనక్కి తిరిగే మడిసిని నేనైతే యాడా జూళ్లా. కారణం చెప్పమను, ఇంటాం."

అందరం ఆయన వైపు చూశాం.

"తిన్నా," అన్నారు ఆయన. "ఒప్పుకుంటా. మట్టలాదివారం వస్తా."

ఎంత తేలిగ్గా అన్నారో.

మార్చి 11

బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తూ నేనే తప్పు చెప్పాను. వాళ్లు దిద్దారు.

మార్చి 12

తిన్నారా? ఏమో. తిని ఉంటే ఆ డబ్బేది? ఇంట్లో లేదు. నాకు తెలియకుండా ఎక్కడ పెడతారు, సంతకం వరకే వచ్చిన మనిషి?

ఇలా రాసుకుంటున్నాను, ఇది కూడా అనుమానమే. అలిసిపోయాను.

మార్చి 19

ఎండలు ముదిరాయి. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నా తరగతి బాగుందన్నాడు. ఆయన కసరత్తు చేస్తున్నారు. తలనొప్పి.

మార్చి 24, ఆదివారం

ఇది జాగ్రత్తగా రాయాలి.

కింది పాలెంలో పిల్లలకు సండేస్కూలు చెప్పి వస్తున్నాను. మస్తాన్‌రావుగారి కళ్లం పక్కనుంచే దారి. కళ్లంలో జనం. కోడిపందెం. మా సంఘంవాళ్లు అవి చూడకూడదు. నేను తల వంచుకునే నడుస్తున్నాను. ఇంతలో పెద్ద కేక లేచింది, "తిరిగింది! తిరిగింది! డేగ ఓడింది!" అని. తల ఎత్తాను.

ఎర్ర డేగ కోడి మస్తాన్‌రావుగారిది. నల్ల కోడికి వీపు పెట్టి తోక చూపిస్తూ తిరుగుతోంది. నల్ల కోడి మనిషి అప్పుడే దాన్ని ఎత్తుకుని గంతులు వేయబోతున్నాడు. మస్తాన్‌రావుగారు కర్ర తీసుకుని మధ్యలో దూకాడు.

"ఆగండెహె! ఎవడ్రా ఓడిందన్నది? దాని కన్ను పోయిందిరా గుడ్డి ఎదవల్లారా! ఎడమ కంట్లో దిగింది కత్తి. ఎదురు కోడి ఆ పక్కకు పోయేసరికి దీనికి కనపడలా. కనపడే కంటితో ఎతుక్కుంటా ఒళ్లంతా తిరిగొస్తంది. పారిపోయే కోడి మెడ దించుద్ది. అది దించిందేమో చూడండి!"

దించలేదు. డేగ మెడ నిలువుగానే పెట్టి, గుండ్రంగా తిరిగి వచ్చి, నల్లదాన్ని కుడి కంటితో చూసిన క్షణంలోనే మీద పడింది. తర్వాత ఏమైందో నేను చూడలేదు. గట్టు మీద కూర్చున్నాను. ఎవరో ముసలావిడ, "ఏమ్మా పంతులమ్మా, ఎండ దెబ్బా?" అంది. అవునన్నాను.

గోనెసంచి ఎడమ నుంచి వచ్చింది. పళ్లెం ఎడమ పక్కన పెట్టింది. ఆ చెంబు?

చెంబు ఏ పక్కన ఉందో గుర్తు లేదు.

మార్చి 25

అది కోడి సంగతి. మనిషి మనిషే.

మార్చి 28

పొద్దున ఆయన వాకిట్లో పీట మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నారు. నేను చెప్పులు లేకుండా వెళ్లి ఎడమ పక్కన నిలబడ్డాను. మంచి ఎండ. నా నీడ కూడా ఆయన మీద పడలేదు, అటు చూసుకునే నిలబడ్డాను. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఆయన గీసుకుంటూనే ఉన్నారు. ఇంట్లోకి చూసి, "సువార్తా, నీళ్లు పొయ్యి," అని కేకేశారు.

"ఇక్కడే ఉన్నాను," అన్నాను.

కత్తి జారి గడ్డం తెగింది. రక్తం తుడుచుకోకుండానే నా వైపు తల పూర్తిగా తిప్పి చూశారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

"ఆ ఏలు పొడిచినకాడి నుంచీ. మొదట మెరుపులు కనపడేయి. తర్వాత పైనుంచి తెర దించినట్టు దిగింది. ఇప్పుడు నలుపు."

"డాక్టరుకి..."

"చూపించా. మద్రాసులోనే. లోపల పొర చిరిగింది, ఇంక రాదన్నాడు. రెండో దాంట్లో గూడా పలచబడింది, దెబ్బ దగిల్తే అదీ పోద్దన్నాడు."

"పోతుందని తెలిసి ఆడతారా?"

"ఒక్కటే. ఒక్క పందెం. పేరు కడుక్కుని మానేస్తా."

"మరి లంచం తినలేదని ఎందుకు చెప్పరు? కన్ను పోయింది, అందుకే తిరిగానని చెబితే ఊరంతా..."

అప్పుడు వచ్చింది కోపం. కానీ గొంతు పెంచలేదు. "నీకు చదువొచ్చుగాని లోకం తెలవదే. లంచం తిన్నోడికి ఇంకో పందెం ఇస్తారు. గుడ్డోడికి ఇయ్యరు."

అమ్మకు కూడా చెప్పొద్దన్నారు. నేను అవునని గాని కాదని గాని అనలేదు. ఆయన దాన్ని అవుననే తీసుకున్నారు. తీసుకోనిచ్చాను.

మార్చి 31, ఆదివారం

నేను చెప్పకపోతే ఏప్రిల్ నెలాఖరుకు ఆయన రెండో కన్ను పోగొట్టుకుంటారు. చెబితే, ఇంక ఏదీ ఆడరు. ఆడకపోతే ఆయన ఎవరు? గనిలో రాళ్లు మోసే ఏసోబు. ఒంటి కన్నుతో రాళ్లు కూడా మోయనివ్వరు.

ఇంతకు మించి దీంట్లో ఏమీ లేదు. ఎన్నిసార్లు రాసినా ఇంతే.

ఏప్రిల్ 3

రాత్రి ప్రార్థనలో అడిగాను. నాకేమీ వినపడలేదు. పొద్దున్నే బడి.

ఏప్రిల్ 7, ఆదివారం

పున్నారావు మళ్లీ వచ్చాడు. గోడ కాగితాలు అచ్చు వేయించాడట, ఒకటి తెచ్చి పరిచాడు. "పశ్చాత్తాపపడిన పల్నాటి వీరుడు" అని ఉంది.

"ఇంకా పశ్చాత్తాపపడలేదు కదండీ," అన్నాను.

"వచ్చే ఆదివారం పడతాడుగా చెల్లెమ్మా! అచ్చుకి టైం పట్టుద్ది, ముందే ఇచ్చేశా."

ఆ కాగితంలో ఆయన బొమ్మ పాతది. రెండు కళ్లూ తెరిచి చూస్తున్నారు. ఆయన ఆ కాగితం తీసుకుని చాలాసేపు దగ్గరగా పెట్టుకుని చూశారు. ముఖం కొంచెం కుడి వైపుకి తిప్పి... కాదు, ఎడమ వైపుకి తిప్పి. కుడి కన్ను దాని మీద పడేలా. ఇప్పుడు నాకు అన్నీ కనబడుతున్నాయి. ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదో.

ఏప్రిల్ 13, శనివారం

ఆయన చొక్కా ఉతికి గంజి పెట్టాను. రేపటికి.

ఏప్రిల్ 14, మట్టల ఆదివారం

గుడి నిండింది. పక్క పల్లెల నుంచి కూడా వచ్చారు. మగవాళ్లు కుడి పక్క, మేము ఎడమ పక్క చాపల మీద. పిల్లలు ఈతమట్టలు పట్టుకుని పాడుతూ చుట్టూ తిరిగారు. కిటికీల దగ్గర బయట వేరేవాళ్లు కూడా నిలబడ్డారు, పందెం చూడటానికి వచ్చినట్టు.

పాట అయ్యాక అయ్యగారు పిలిచారు. ఆయన లేచి వెళ్లి బల్ల ముందు నిలబడ్డారు. గంజి పెట్టిన చొక్కా వీపు మీద బిగుతుగా ఉంది.

"ఏసోబూ, దేవుని ఎదుట, ఈ సంఘం ఎదుట అడుగుతున్నాను. మద్రాసు పందెంలో లంచం తిని ఓడిన మాట నిజమేనా?"

ఆయన నోరు తెరిచారు. నేను లేచాను. లేవాలనుకుని లేచింది కాదు. లేచి ఉన్నానని తర్వాత తెలిసింది.

"కాదు అయ్యగారూ," అన్నాను. "తినలేదు. ఆయన ఎడమ కన్ను పోయింది. అవతలివాడు ఆ పక్కకు పోతే కనబడక వెతుక్కుంటూ తిరిగారు. రెండో కన్ను కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. పందెం కావాలని దాచిపెడుతున్నారు."

"కూకోవే!" అత్తమ్మ నా చీర పట్టుకుని గుంజింది. "మగోళ్లు మాట్టాడే కాడ నీకేందే!"

దేవదానంగారు లేచి, "అమ్మాయ్, మందిరంలో ఆడోళ్లు నోరెత్తగూడదని బైబిల్లో పౌలుగారు రాశాడు గదా, చదువుకున్నదానివి," అన్నారు.

"అదంతా అబద్ధం," అన్నారు ఆయన. ముఖం బల్ల వైపే ఉంది. "మొగుడు లంచగొండి అంటే సిగ్గేసి కథలు చెప్తంది. నేను తిన్నా. ఒప్పుకుంటన్నా. రాసుకోండి."

అందరూ ఆయన మాటే నమ్మారు. నాకు తెలిసిపోయింది. ఎవరో ఆడవాళ్లలోనే కిసుక్కుమన్నారు. అయ్యగారు పుస్తకం తెరుస్తున్నారు.

అప్పుడు మా అత్తమ్మ నా చీర వదిలింది. చాపల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్లింది. అయ్యగారు "జ్ఞానమ్మా" అన్నారు, వినలేదు. కొడుకు దగ్గరికి ఎడమ పక్కనుంచి వెళ్లి, చెంప మీద కొట్టడానికన్నట్టు చెయ్యి ఎత్తి గట్టిగా విసిరింది. చెంపకు వెంట్రుకవాసి దూరంలో ఆపింది.

ఆయన రెప్ప కూడా వెయ్యలేదు.

మద్రాసులో ఎంతమంది కొట్టబోతే తప్పించుకున్న మనిషి. ఈగ వాలబోతే పక్కకి జరిగే మనిషి. తల్లి చెయ్యి చెంప పక్కన అలాగే నిలబడి ఉంది, ఆయన అయ్యగారి వైపే చూస్తూ, "రాసుకోండి," అని మళ్లీ అన్నారు.

పిల్లలు మట్టలు ఆడించడం ఆపేశారు. అందరూ ఎటు చూస్తున్నారో తెలియక ఆయన తల తిప్పారు. చెంప వెళ్లి అమ్మ అరచేతికి తగిలింది.

"ఓరి నా నాయనా," అంది అత్తమ్మ. "నాక్కూడా చెప్పలేదేందిరా."

ఏప్రిల్ 15

ఒక్క మాట అన్నారు. "రింగులో నన్నెవడూ పడగొట్టలా. నువ్వు పడగొట్టావు."

సరే. పడగొట్టాను.

ఏప్రిల్ 17

పున్నారావు రాలేదు, మనిషిని పంపాడు. పందెం లేదు. కాగితాలు వృథా అయ్యాయని ఆ మనిషి చాలాసేపు బాధపడ్డాడు.

అయ్యగారు కూడా కబురు చేశారు. పెద్దలు కూర్చుని తేల్చారట. లంచం తిన్నందుకు కాదు, ఎందుకంటే తినలేదు. తిన్నానని సంఘం ముందు అబద్ధమాడినందుకు ఆయన్ని ఆరు నెలలు బల్లకు దూరంగా ఉంచుతున్నారు. నన్ను మందలించి వదిలేశారు. అత్తమ్మ విని, "మీ పెద్దలకి పని లేకపోతే మా చేల్లో కలుపు తీయమను," అంది.

ఆయన వేపచెట్టు నుంచి గోనెసంచి విప్పారు. ఇసక పారబోసి, పాతబట్టలు ఉతకడానికి వేశారు.

ఏప్రిల్ 21, ఈస్టరు

ఒక్కదాన్నే గుడికి వెళ్లాను. బల్ల దగ్గర రొట్టె తీసుకుని వచ్చేశాను.

నేను ఆయన కన్ను కోసమే చెప్పానా? లంచగొండి భార్యనని అనిపించుకోలేక చెప్పానా? గుడిలో ఆయన అన్న మాట, సిగ్గేసి కథలు చెప్తందన్నది, అప్పటినుంచీ నాలో తిరుగుతోంది. కన్ను కోసమే. కన్ను కోసమే చెప్పాను.

ఏప్రిల్ 27, శనివారం

గుంటూరులో ఈ రోజు ఉండవలసింది. ఆయన పొద్దున్నుంచీ అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఏప్రిల్ 30

ఊరు మారిపోయింది. దారిన పోయేవాళ్లు పలకరిస్తున్నారు. మస్తాన్‌రావుగారు జీతగాడితో గంపెడు మామిడికాయలు పంపాడు. బావి దగ్గర ఆడవాళ్లు నాకు ముందు చేద ఇస్తున్నారు. నేను సంతోషపడ్డాను, దాచడమెందుకు. సాయంత్రం ఆయన నాతో మాట్లాడారు, పడగొట్టావన్న ఆ ఒక్క మాట తర్వాత మొదటిసారి.

"లంచం తిన్నోణ్ణంటే ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకునేవాళ్లు. ఇయ్యాల ఎవడో పోరగాడు చెయ్యి పట్టుకుని వాగు దాటించాడే నన్ను. నీళ్లు కూడా లేవు దాంట్లో."

అన్నం వడ్డించాను. పళ్లెం కుడి పక్కన పెట్టాను. ఆయన దాన్ని చూసి, చేత్తో జరిపి, మధ్యలో పెట్టుకున్నారు.

మే 3

గుంటూరులో కంటి డాక్టరుకు చూపిద్దామని అత్తమ్మ రోజూ సతాయిస్తోంది. "ఉన్నదన్నా ఉంచుకోరా," అంటుంది. ఆయన వినడం లేదు. నేను అడగడం లేదు. ఒకసారి ఆయన తరఫున మాట్లాడాను, చాలు.

మే 5, ఆదివారం

రాత్రి పడుకోబోతూ అన్నారు: "రేపు బడికి సెలవా?"

వేసవి సెలవులు ఎప్పుడో ఇచ్చేశారు. "సెలవే," అన్నాను.

మే 6, సోమవారం

గుంటూరు నుంచి సాయంత్రం తిరిగి వచ్చాం. డాక్టరు చూశాడు. ఎడమది రాదు. కుడిది దెబ్బ తగలకుండా, బరువు ఎత్తకుండా ఉంటే నిలుస్తుందట, నిలవాలని అన్నాడు. ఆయన విని, "ఆడనులే," అన్నారు. డాక్టరుతోనే అన్నారు, నాతో కాదు.

కానీ నేను రాయాలనుకున్నది పొద్దున సంగతి. బస్సు కోసం తెల్లవారక ముందే బయల్దేరాం. అన్నం మూట పట్టుకుని నేను ఎప్పటిలాగే ఆయన వెనక నడుస్తున్నాను. ఊరు దాటి అడ్డరోడ్డు కనబడగానే ఆయన నిలబడిపోయారు. నేనూ నిలబడ్డాను.

"ఎనకెందుకే?" అన్నారు. "ఇటు రా. ఎడంపక్కకి."

వెళ్లాను. మా ఊళ్లో ఏ ఆడది మొగుడి పక్కన అలా రోడ్డు మీద నడవదు. చెయ్యి పట్టుకోబోయాను.

"పట్టుకోబాక. ఊరికే ఆడ ఉండు."

నడిచాం. కొంత దూరం పోయాక ఎడమ వైపు డొంకలోంచి పత్తి బండి ఒకటి రోడ్డు మీదికి మళ్లుతోంది.

"బండి," అన్నాను, మెల్లగా.

ఆయన పక్కకి జరిగారు.